వెదురు నక్షత్రము

పండుగ వచ్చినపుడు ఇల్లు అలంకరించుకొనవలెనను కోరిక మానవులకు సహజము. సంక్రాంతికి ముంగిట ముగ్గులు, ఉగాదికి గుమ్మమున మామిడి తోరణము, దీపావళికి అరుగుమీద ప్రమిదల వరుసలు, ఇవియన్నియు ఆ కోరికనుండి పుట్టినవే. వీనియం దొక విశేషము గలదు. బియ్యపు పిండి, మామిడాకు, మట్టిప్రమిద, వీనిలో నేదియు దూరదేశమునుండి తెప్పించినది కాదు. ఎక్కువ వెలపెట్టి కొన్నదియు కాదు. ఇంట నున్నదానిని, పెరట దొరకుదానిని చేతి నేర్పుచే అందమైన వస్తువుగా మార్చుటయే ఈ యలంకారములన్నిటికిని మూలసూత్రము. క్రిస్మస్ అలంకారములకు కూడ తొలుత నిదియే మూలసూత్రము.

తూర్పుకనుమల చెంత కురుపాం అను ఊరు గలదు. పూర్వమిది వైరిచర్ల వంశీయుల జమీందారీకి ముఖ్యస్థానము. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో నేడొక మండల కేంద్రము. చుట్టును కొండలు, ఆ కొండలనుండి దిగివచ్చు ఏరులను అచ్చటివారు గెడ్డలందురు. కొండవాలులందును, లోయలందును సవరలు, జాతాపులు మున్నగు గిరిజనులు నివసింతురు. వరి, చోడి, సామ పండింతురు. చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు, కుంకుడుకాయలు సేకరించి సంతలలో అమ్ముదురు. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థకును అమ్ముదురు.

డిసెంబరు మాసమున ఈ ప్రాంతమున చలి యెక్కువ. తెల్లవారుజామున మంచు లోయలను కప్పివేయును. వరికోతలు, నూర్పులు సాగుచుండును. క్రైస్తవ కుటుంబములున్న గ్రామములలో అపుడే క్రిస్మస్ సన్నాహములు మొదలగును. ఇంటి చూరునగాని, పొడవైన వెదురుగడ కొననగాని ఒక నక్షత్రమును వ్రేలాడగట్టుదురు. క్రీస్తు జన్మించినపుడు ఆకాశమున కనబడి తూర్పుదేశపు జ్ఞానులకు త్రోవ చూపినదని మత్తయి సువార్తలో చెప్పబడిన చుక్కకు ఇది గురుతు. చీకటిపడిన పిదప కొండమీదనుండి చూచినచో, ఏ యిల్లు ఎచ్చట నున్నదో ఆ చుక్కల వెలుగే చెప్పును.

ఇటీవల పట్టణపు అంగళ్లనుండి ప్లాస్టిక్ నక్షత్రములు, తళుకు దండలు, థర్మోకోల్ బొమ్మలు పల్లెలకును చేరినవి. అవి చూచుటకు మెరయును. కాని వానివలన మూడు నష్టములు గలవు. మొదటిది ధనవ్యయము. కోతకూలి డబ్బు చేతికి వచ్చు దినములలో ఆ డబ్బుతో దుప్పటి కొనవలెనా, తళుకు దండ కొనవలెనా యను ప్రశ్న పేదయింట పుట్టును. కొనలేని యింటి బాలుడు తన యిల్లు వెలవెలబోవుచున్నదని చిన్నబుచ్చుకొనును. రెండవది చెత్త. పండుగ ముగిసినపిదప అవి గెడ్డలలోబడి కొట్టుకొనిపోవును. ఎన్ని యేండ్లకును మట్టిలో కలియవు. 2022వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి భారత ప్రభుత్వము నిషేధించిన ప్లాస్టిక్ వస్తువులలో అలంకరణకు వాడు థర్మోకోల్ కూడ ఒకటి. మూడవ నష్టము కంటికి కనబడదు. వెదురు చీల్చుట, బుట్ట అల్లుట, ఆకు కుట్టుట తాతలనాటినుండి వచ్చిన విద్యలు. చేతికి పని లేనిచో అవి ఒక తరములోనే మరపునబడును.

కొన్న వస్తువులే గొప్ప యనుకొనువారు క్రిస్మస్ అలంకారముల చరిత్రను తెలిసికొనవలెను. క్రిస్మస్ చెట్టును గూర్చిన పాత వ్రాతలలో నొకటి 1605వ సంవత్సరమునాటిది. నేడు ఫ్రాన్సు దేశములోనున్న స్ట్రాస్‌బర్గు నగరమున ప్రజలు తమ గదులలో చెట్లను నిలిపి, రంగుకాగితములతో కత్తిరించిన గులాబీలను, ఆపిలు పండ్లను, పలుచని అప్పములను, మిఠాయిలను వానికి కట్టిరని అందు గలదు. అనగా ఆ చెట్టుమీది సొమ్ములు వంటయింటినుండియు, కత్తెరనుండియు వచ్చినవే. మెరయు గాజు గోళములు మిక్కిలి తరువాత, 19వ శతాబ్దిలో, జర్మనీయందలి లౌషా గ్రామపు గాజుపనివారు చేసినవి. ఫిన్లండు, లిథువేనియా దేశములలో నేటికిని గడ్డిపుల్లలను దారముతో గ్రుచ్చి గాలికి తిరుగు అలంకారములు చేయుదురు. లిథువేనియా వారి ఆ యల్లికను 2023లో యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. ఫిలిప్పీన్సు దీవులలో వెదురుబద్దలకు కాగితమంటించి ‘పరోల్’ అను నక్షత్రదీపమును చేయుదురు. కురుపాం కొండలలో దొరకు వెదురుతో అట్టి నక్షత్రమునే చేయవచ్చును.

నక్షత్రమును చేయుట ఒక చిన్న గణితపాఠము వంటిది. ఇది క్రొత్తమాట కాదు. జర్మనీలోని నీస్కీ అను గ్రామమున, మొరేవియను క్రైస్తవ సంఘమువారి పాఠశాలలో, 19వ శతాబ్దిలో బాలురకు క్షేత్రగణితము బోధపడుటకై కాగితపు నక్షత్రములు చేయించెడివారు. నేడు హెర్న్‌హుట్ నక్షత్రములని లోకమున పేరుపొందినవి ఆ తరగతిగదిలో పుట్టినవే.

వెదురు నక్షత్రమునకు ముదిరిన వెదురు కావలెను. దానిని కొన్ని వారములు నీటిలో నానవేసి పిదప నీడన ఎండబెట్టినచో పురుగు పట్టుట తగ్గును. దానినుండి 60 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు గల పది బద్దలను చీల్చవలెను. వెదురుబద్ద అంచు కత్తివలె కోయును. కావున చీల్చుపని బుట్టలల్లు నేర్పుగల పెద్దలు చేయుట మంచిది. పిల్లలు అంచులను గీకి నునుపు చేయవచ్చును.

ఐదు బద్దలతో ఒక నక్షత్రము, మిగిలిన ఐదింటితో మరియొక నక్షత్రము కట్టవలెను. నక్షత్రమున ప్రతి బద్దను, దాని రెండు కొనలు గాక, నడుమ రెండుచోట్ల వేరు బద్దలు దాటిపోవును. ఆ చోట్లు ఎచ్చట రావలెనో గణితము చెప్పును. బద్ద పొడవును వేయి భాగములుగా భావించినచో, ఒక కొననుండి 382వ భాగమువద్ద ఒకటియు, 618వ భాగమువద్ద మరియొకటియు రావలెను. అనగా 60 సెంటీమీటర్ల బద్దమీద ఒక కొననుండి సుమారు 23 సెంటీమీటర్లవద్ద ఒక గుర్తును, 37 సెంటీమీటర్లవద్ద మరియొక గుర్తును బొగ్గుతో పెట్టవలెను. గుర్తుమీద గుర్తు వచ్చునట్లు బద్దలను పరచినచో ఐదు కొనలును సమానముగా నిలుచును. అపుడు ప్రతి కొనయందలి కోణము 36 డిగ్రీలు. ఐదింటిని కూడినచో 180 డిగ్రీలు, అనగా రెండు లంబకోణములు. నడుమ నేర్పడు పంచభుజియందు ప్రతి కోణమును 108 డిగ్రీలు. కొలమానితో కొలిచి చూచిన విద్యార్థికి ఈ సంగతులు ఎన్నటికిని మరపురావు.

బద్దలను ఊరక ఒకదానిపై నొకటి పేర్చరాదు. ప్రతి బద్దయు ఒక దాటువద్ద పైనుండి, రెండవ దాటువద్ద క్రిందనుండి పోవునట్లు అల్లవలెను. తట్టలు, చేటలు అల్లువారు పాటించు పద్ధతి ఇదియే. ఇట్లల్లినచో బద్దలు ఒకదాని నొకటి బిగించి పట్టుకొనును. కొనలను, దాటులను పురికొసతోగాని, అడ్డతీగ నారతోగాని కట్టవలెను.

పిదప రెండు నక్షత్రములను ఒకదానిపై నొకటి యుంచి ఐదు కొనలను కలిపి కట్టవలెను. నడుమనున్న ఐదు దాటులవద్ద రెండింటి మధ్య 12 సెంటీమీటర్ల పొడవుగల ఐదు చిన్న పుల్లలను నిలిపి కట్టినచో నడిమిభాగము ఉబ్బి, దీపమునకు చోటు ఏర్పడును. బియ్యపు పిండినిగాని మైదానుగాని నీళ్లలో కలిపి, సన్నని మంటమీద ఉడికించినచో మంచి జిగురగును. ఆ జిగురుతో రెండు ముఖములకును ప్రక్కలకును పలుచని కాగితమును అంటించి, వెనుకవైపు ఒకచోట చిన్న కిటికీ విడువవలెను. దిగువ కొనలకు కాగితపు కుచ్చులు కట్టినచో నక్షత్రము గాలికి కదలినపుడెల్ల గలగల మనును.

రంగుకాగితములు దొరకనిచో విచారింప నక్కరలేదు. వ్రాసి ముగించిన నోటుపుస్తకపు తెల్లపుటలే చాలును. వంటయింటి పసుపును నీళ్లలో కలిపి కాగితమునకు పూసినచో అది బంగారువన్నె దాల్చును. ఆరిన పిదప, తమలపాకులలోనికి వాడు సున్నమును కొంచెము నీటిలో కలిపి, ఆ తేటను పుల్లతో దానిమీద గీసినచో గీసినంతమేర ఎఱ్ఱబారును. పెండ్లిలో పాదములకు దిద్దు పారాణి యెఱుపునకు కారణమిదియే. పసుపులోని రంగుపదార్థము సున్నమువంటి క్షారము తగిలినచో ఎఱ్ఱనగును. చింతపండు పులుసువంటి ఆమ్లము తగిలినచో మరల పచ్చనగును. ఒకే కాగితముమీద పసుపుతో నేల, సున్నముతో పువ్వులు, చింతపండు నీటితో పువ్వులనడుమ చుక్కలు దిద్దవచ్చును. బట్టలకు పెట్టు నీలిమందు నీలపురంగు నిచ్చును. పసుపురంగు ఎండకు త్వరగా వెలియును గనుక ఈ కాగితములను నీడన ఆరబెట్టి, నీడననే వ్రేలాడగట్టవలెను. సున్నపునీరు కంటబడినచో మిక్కిలి హానికరము. కావున చిన్నపిల్లలచేత ఆ పని చేయింపరాదు.

ఇట్లు రంగు వేసిన కాగితములను 15 సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పుగల ముక్కలుగా కత్తిరించి, ఒకదానిలో నొకటి దూర్చి అన్నపు మెతుకులతో అంటించినచో గొలుసులగును. ఇంటిలో పారవేయదలచిన మరికొన్ని వస్తువులును ఇట్లే ఉపయోగపడును. జత తప్పిన గాజులకు పాత చీర అంచులను చుట్టి, దారముతో ఒకదానిక్రింద నొకటి కట్టినచో తోరణమగును. ఖాళీ అగ్గిపెట్టెలకు కాగితమంటించి నడుమ దారము కట్టినచో చిన్న కానుకల పెట్టెలవలె నుండును. కోడిగ్రుడ్డుకు రెండు కొనలయందును సూదితో రంధ్రముచేసి, లోనిదానిని గిన్నెలోనికి ఊదివేసి, డొల్లను కడిగి ఆరబెట్టినచో అదియే తేలికయైన గోళము. అరిగిన ఈనెల చీపురునుండి ఏరిన పుల్లలతో చేతివెడల్పు నక్షత్రములు కట్టవచ్చును. నరసాపురము ప్రాంతపు స్త్రీలు ఒక్క కొక్కెపు సూదితో నూలుదారమును అల్లి చేయు లేసు చిరకాలముగా విదేశములకు పోవుచున్నది. దారపుటుండ ఒకటి యింటనున్నచో పువ్వు, చుక్క, గంట అల్లుట అసాధ్యము కాదు.

పొలము, అడవి ఇచ్చునవి వేరు. కోతకాలమున వరికంకులను ఏరి కుచ్చుగా అల్లి చూరున కట్టుట తెలుగువారి పాత యాచారము. పిచ్చుకలు వచ్చి ఆ గింజలను తినును. క్రిస్మస్ దినములలో నక్షత్రమునకు ఇరుప్రక్కల వరికుచ్చులు కట్టినచో అలంకారమునకు అలంకారము, పక్షులకు ఆహారము. చోడికంకి మూసిన చేతివ్రేళ్లవలె వంకర తిరిగియుండును. నాలుగైదింటిని తలక్రిందులుగా కట్టినచో అందమైన గుత్తి యగును. తాటాకుతో మడచిన చిలుకలు, కుంకుడుకాయల లోపలి నల్లని నున్నని గింజలు, చింతగింజలు, ఎండిన అడ్డాకులు, అన్నిటికిని తగినచోటు గలదు.

అయినను చేతికి దొరకిన ప్రతి వస్తువును అలంకారమునకు వాడదగినది కాదు. ఏది వాడవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఏది విడువవలెనో తెలియుటయు అంత ముఖ్యము. గురివింద గింజలు ఎఱ్ఱగా, నల్లని మచ్చతో ముచ్చటగా నుండును. కాని వానియందు తీవ్రమైన విషము గలదు. గింజ పగిలిగాని, రంధ్రము పడిగాని నోటిలోనికి పోయినచో ప్రాణాపాయము. పసిపిల్లలు తిరుగు ఇంట వానిని దండలుగా గ్రుచ్చి వ్రేలాడగట్టరాదు.

సవరలు తమ యింటిగోడలమీద ఎఱ్ఱమట్టి పూతపై బియ్యపు పిండితో మనుష్యులను, గుఱ్ఱములను, చెట్లను చిత్రింతురు. ఇంటి వస్తువులతోనే గొప్పకళను సృష్టింపవచ్చుననుటకు అంతకు మించిన నిదర్శనము లేదు. కాని ఆ చిత్రములు ముచ్చటకు వేసినవి కావు. దేవతలను, గతించిన పెద్దలను ఉద్దేశించి వేసినవి. వానినుండి నేర్పును గ్రహింపవచ్చును గాని, ఒకరి పూజావస్తువును మరియొకరి పండుగ తోరణముగా చేయుట మర్యాద కాదు.

క్రిస్మస్ చెట్టు విషయమునను ఇట్టి వివేకమే కావలెను. చల్లని దేశములలోని ఫర్ చెట్టు మన కొండలలో లేదు. కోస్తా ప్రాంతమున సరుగుడు కొమ్మను తెచ్చి నిలుపుదురు. కొండప్రాంతమున పచ్చనిచెట్టును నరుకుటకంటె, గాలికి విరిగిపడిన ఎండుకొమ్మను తెచ్చి, ఇసుక నింపిన కుండలో పాతి, దానికి సున్నము పూసి, చేసిన సొమ్ములన్నిటిని తగిలించుట మేలు. ఆకులు లేని కొమ్మయందు ప్రతి వస్తువును విడివిడిగా కనబడును.

అన్నిటికంటె పెద్ద జాగ్రత్త నిప్పునుగూర్చి. పూర్వము ఐరోపావారు చెట్టుకు కొవ్వొత్తులు వెలిగించుటచే ఎన్నో అగ్నిప్రమాదములు జరిగినవి. 1882లో న్యూయార్కు నగరమున ఎడిసన్ సహచరుడగు ఎడ్వర్డ్ జాన్సన్ తన యింటి చెట్టుకు తొలిసారిగా విద్యుద్దీపములు పెట్టెను. కాగితపు నక్షత్రములో నూనెదీపమునుగాని, కొవ్వొత్తినిగాని ఉంచుట ప్రమాదకరము. గడ్డికప్పు ఇండ్లు గల గ్రామమున ఒక్క నిప్పురవ్వ వీధినంతను దహింపగలదు. ఎక్కువ వేడి పుట్టింపని చిన్న ఎల్.ఇ.డి. దీపమునుగాని, చేతి టార్చినిగాని వాడవలెను. విద్యుత్తు తీగలకు అతుకులు వేయుపని పిల్లలు చేయరాదు.

ఇట్టి నక్షత్రమును ఒక్కరు చేయలేరు. తాత వెదురు చీల్చవలెను, తల్లి జిగురు కాచవలెను, అన్న కొలతలు పెట్టవలెను, చెల్లెలు కుచ్చులు కత్తిరింపవలెను. కొన్న నక్షత్రమును ఒక్కడు ఒక్క నిమిషమున తగిలించును. చేసిన నక్షత్రము చుట్టును ఇల్లంతయు రెండుమూడు సాయంకాలములు కూర్చుండును. మనుమనికి మొదటిసారి కత్తిపట్టు నేర్పుటకు తాతకును, అర్థముగాని కోణమును కంటితో చూచుటకు పిల్లవానికిని అదియే సమయము. ఏ మతమువారి పండుగయైనను ఇరుగుపొరుగు పిల్లలందరును ఈ పనిలో పాల్గొనవచ్చును. ఏలయన చేతిపనికి మతభేదము లేదు.

పండుగ ముగిసిన పిదపను ఈ యలంకారములు వ్యర్థము కావు. కాగితము చింపి పెంటకుప్పలో వేసినచో ఎరువగును. కంకులను పిచ్చుకలు తినును. ఎండుకొమ్మ పొయ్యిలోనికి పోవును. వెదురుచట్రమును మాత్రము జాగ్రత్తగా అటకమీద దాచవలెను. మరుసటి డిసెంబరులో దానికి క్రొత్త కాగితము అంటించినచో చాలును. చట్రము పాతబడి విరిగినను నష్టము లేదు. దానిని కట్టిన పిల్లవానికి మరియొకటి కట్టుట తెలియును; వెదురు కొండమీద పెరుగుచునే యుండును.

ప్రశ్నలు

1. 1605వ సంవత్సరమునాటి క్రిస్మస్ చెట్టుమీది అలంకారము లెవ్వి? వానినిబట్టి మనము గ్రహింపదగినదేమి?
2. 90 సెంటీమీటర్ల బద్దలతో నక్షత్రము కట్టునపుడు గుర్తులు ఎచ్చటెచ్చట పెట్టవలెను?
3. పసుపు పూసిన కాగితము సున్నమువలన ఎఱ్ఱబారుటకు కారణమేమి? దానిని మరల పచ్చగా చేయుటెట్లు?
4. అలంకారమునకు వాడరాని వస్తువులను పేర్కొని, కారణములను తెలుపుము.
5. మీ యింట జరుగు ఏదేని పండుగకు ఇంటి వస్తువులతో చేయు అలంకారమును గూర్చి పది వాక్యములు వ్రాయుము.